మూడు కిలోమీటర్ల వేసవి

2020 మార్చి 25, బుధవారం, శార్వరి నామ సంవత్సర ఉగాది. ముందు రోజు రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడి, ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజులపాటు దేశమంతా లాక్‌డౌన్ అని ప్రకటించారు. ఆ మాట పూర్తికాకముందే జనం సంచులు పట్టుకుని కిరాణా కొట్లకు పరుగెత్తారు. తెల్లవారి చూస్తే మామిడాకులూ పూలూ అమ్మేవాళ్లు వీధిలోకి రాలేదు. సందు చివర వేపచెట్టు ఉన్నా అక్కడిదాకా వెళ్లొచ్చో కూడదో తెలియక, నాలుగు మెంతులు వేసి పచ్చడిలో చేదు సరిపెట్టుకున్న ఇళ్లున్నాయి. పిల్లల కొత్త బట్టలు దర్జీ దగ్గరే ఉండిపోయాయి. గుళ్లకు తాళాలు పడటంతో పంచాంగ శ్రవణం టీవీ ముందే కానిచ్చారు.

అంతకు మూడు రోజుల ముందు, 22వ తేదీ ఆదివారం, జనతా కర్ఫ్యూ జరిగింది. దేశమంతా ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా పాటిస్తే, తెలంగాణలో ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా, పూర్తిగా 24 గంటలు పాటించారు. సాయంత్రం 5 గంటలకు అందరూ బాల్కనీల్లోకీ డాబాల మీదికీ వచ్చి చప్పట్లు కొట్టారు, కంచాలు మోగించారు. అపార్ట్‌మెంట్లలో చాలామంది ఎదురు బ్లాకువాళ్ల ముఖాలు తీరిగ్గా చూసింది ఆ సాయంత్రమే. అదే రోజు రెండు తెలుగు రాష్ట్రాలూ నెలాఖరుదాకా లాక్‌డౌన్ అన్నాయి. ఆ తర్వాత గడువులు ఒకదాని వెనక ఒకటి జరుగుతూ పోయాయి. ఏప్రిల్ 14 కాస్తా మే 3 అయింది, మే 3 కాస్తా మే 17, చివరికి మే 31. దేశమంతటి లెక్కలో 68 రోజులు.

ఆ రోజుల బతుక్కి తనవైన వేళలున్నాయి, మాటలున్నాయి, మర్యాదలున్నాయి, తగాదాలున్నాయి. ఇప్పుడవేవీ లేవు. కొట్ల ముందు గీసిన సున్నపు గీతలు మొదటి వానకే పోయాయి. అప్పట్లో ఎన్ని కేసులు వచ్చాయో, ఎంతమంది పోయారో ప్రభుత్వ బులెటిన్లలో తేదీలవారీగా ఉంది. ఇళ్లలో జనం ఎలా గడిపారో, ఏ చిన్న వస్తువు లేక ఎంత అవస్థపడ్డారో వాటిలో ఉండదు. అంత పెద్ద విపత్తులో అవేం కష్టాలు అనుకుని జనమే వాటిని పక్కన పెట్టేశారు. కానీ ఆ వేసవి నడిచిందే వాటి మీద.

మొదట మారింది దూరం లెక్క. ఇంటి నుంచి 3 కిలోమీటర్లు దాటి సరుకులకు వెళ్లకూడదని తెలంగాణ పోలీసులు ప్రకటించారు. రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా అసలు గడప దాటకూడదు. కోటి మంది తిరిగే హైదరాబాదులో ఒక్కో కుటుంబానికీ మూడు కిలోమీటర్ల లోకం మిగిలింది. ఆ లోకంలో ఒక పాలబూతు, ఒక మందుల షాపు, రెండు కిరాణా కొట్లు ఉంటే అదృష్టవంతులే. అమ్మానాన్నలు దిల్‌సుఖ్‌నగర్‌లోనూ కూతురు మియాపూర్‌లోనూ ఉంటే, ఒకే ఊళ్లో ఉండి రెండు నెలలు ఒకరినొకరు ఫోన్‌లోనే చూసుకున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా అవతల రింగ్ అయ్యే ముందు దగ్గు వినిపించేది. ఆ దగ్గు తర్వాత చేతులు కడుక్కోమనే హెచ్చరిక. అత్యవసరంగా అంబులెన్సుకో డాక్టరుకో చేసినప్పుడు కూడా అంతా విన్నాకే అవతలి గొంతు పలికేది.

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు కొనుక్కునే వేళ ఉదయం కొన్ని గంటలకే పరిమితమైంది, అదీ పట్టణాల్లో ఇంకా తగ్గింది. విజయవాడలో, గుంటూరులో, నెల్లూరులో పొద్దున్నే కూరగాయల మార్కెట్లను పాఠశాలల మైదానాల్లోకీ బస్టాండ్లలోకీ మార్చారు. కొట్టు ముందు మూడడుగులకో గుండ్రం. ఒక గుండ్రంలోంచి ఇంకో గుండ్రంలోకి జరుగుతూ, ముందువాళ్లు కదలకపోతే విసుక్కుంటూ, వెనకవాళ్లు మరీ దగ్గరికొస్తే కోప్పడుతూ వరుస నడిచేది. లోపలికి వెళ్లి ఏరుకునే స్వేచ్ఛ పోయింది. చీటీ ఇస్తే కొట్టువాడు కట్టిచ్చిందే సరుకు. పుచ్చు వంకాయలు వచ్చినా మర్నాటిదాకా ఊరుకోవాల్సిందే.

తెచ్చిన సరుకు నేరుగా వంటింట్లోకి వెళ్లేది కాదు. గుమ్మం దగ్గర ఒక బల్లో, బకెట్టో పెట్టి ఉంచేవారు. కూరగాయల్ని ఉప్పు నీళ్లలోనో వంటసోడా నీళ్లలోనో నానబెట్టి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టేవారు. పాల ప్యాకెట్లను సబ్బుతో కడిగేవారు. నోట్లను ఇస్త్రీ పెట్టెతో కాల్చినవాళ్లున్నారు, ఎండలో క్లిప్పులు పెట్టి ఆరేసినవాళ్లున్నారు. కొత్తిమీర, పుదీనా కడిగి కడిగి మెత్తబడి చేతిలోకొచ్చేవి. న్యూస్‌పేపరు వద్దని చాలా ఇళ్లు ఏజెంటుకు చెప్పేశాయి. యాభై ఏళ్లుగా కాఫీతో పాటు పేపరు చదివే పెద్దాయన ఫోన్ తెరను రెండువేళ్లతో పెద్దది చేసుకుంటూ, కళ్లు చికిలిస్తూ చదవడం ప్రతి వీధిలోనూ కనిపించిన దృశ్యం. ఆ కడుగుడులో చాలా మటుకు అవసరం లేదని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు. కానీ అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు ఇంట్లో పిల్లలూ ముసలివాళ్లూ ఉన్న మనిషి కడిగి తీరతాడు, దానికి ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు.

కోడి సంగతి కూడా చెప్పాలి. లాక్‌డౌన్‌కు ముందు ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందనే పుకారు పుట్టి, ధర నేలకు పడిపోయింది. ఆ భయం పోగొట్టడానికి ఫిబ్రవరి 28న హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో చికెన్ మేళా పెట్టి, తెలంగాణ మంత్రులు వేదికమీదే చికెన్ తిని చూపించారు. ఏప్రిల్ వచ్చేసరికి కథ తిరగబడింది. ఒంట్లో శక్తి ఉండాలంటే కోడి, గుడ్డు తినాలన్నారు. అప్పుడు ఆదివారం పొద్దున చికెన్ షాపు ముందు గుండ్రాలన్నీ నిండిపోయేవి, ధర మళ్లీ కొండెక్కింది. పుకారు రోజుల్లో కోళ్లను ఊరికే పంచిపెట్టి నష్టపోయిన రైతుకు ఆ పెరిగిన ధరలో వాటా దక్కలేదు, అమ్మడానికి అతని షెడ్డులో కోళ్లు మిగల్లేదు గనుక.

తిండి ఎలాగో దొరికింది. దొరకనివి వేరే. కళ్లజోడు కాడ విరిగితే బాగుచేసే షాపు లేదు. దారం చుట్టుకుని, ప్లాస్టర్ అంటించుకుని చదువుకున్నారు. ఏప్రిల్ ఎండల్లో ఫ్యాను కెపాసిటర్ పోయింది, పది నిమిషాల పని, కానీ ఎలక్ట్రీషియన్ రాడు, వచ్చినా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆపేస్తారు, లోపలికి వదిలినా కెపాసిటర్ అమ్మే కొట్టు తెరిచి ఉండదు. ఉన్న ఒక్క ఫ్యాను కింద ఐదుగురు పడుకున్నారు. మిక్సీ జార్ అరిగిపోతే అటక మీది రుబ్బురోలు కిందికి దిగింది. కుక్కరు రబ్బరు తెగిపోయినందుకు నెల రోజులు గిన్నెలో అన్నం వార్చుకున్నవాళ్లున్నారు. ఎదిగే పిల్లల కాళ్లకు చెప్పులు చాలలేదు. పంటి నొప్పి వస్తే లవంగం నూనె, నొప్పి మాత్ర, అంతే, దంతవైద్యశాలలు మూసేశారు. గ్యాస్ లైటర్, బల్బు, సేఫ్టీ పిన్ను, ట్యాపు వాషరు లాంటివి ఎంత ముఖ్యమైనవో ఆ రెండు నెలలే నేర్పాయి. మెయిన్ రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చుని చెప్పులూ గొడుగులూ బాగుచేసే మనిషి, సందులో నాలుగడుగుల కొట్టులో టేబుల్ ఫ్యాన్లు విప్పే మనిషి తమ ఇంటిని ఇన్నేళ్లుగా నడుపుతున్నారని జనం అప్పుడు గ్రహించారు. వాళ్లలో చాలామంది రోజు కూలి మీదే బతుకుతారని, ఆ రెండు నెలలు వాళ్లకు ఏ ఆదాయమూ లేదని కూడా.

క్షవరం సంగతి ప్రతి ఇంటికీ ఒక కథ. సెలూన్లు మూతపడి జుట్టు చెవులమీదికొచ్చాక భార్యలు కత్తెర పట్టారు, అన్నలు తమ్ముళ్ల తలలు దున్నారు. ట్రిమ్మర్ ఉన్న ఇల్లు వీధికంతా దిక్కయింది. తల నున్నగా చేయించుకోవడమే మేలని తండ్రీకొడుకులు కలిసి గుండ్లు కొట్టించుకుని ఫొటోలు పంపుకున్నారు. తిరుమలలో ఇవ్వాల్సిన మొక్కు ఇలా తీరిందని కొందరు సంతోషించారు కూడా, ఎందుకంటే మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం లేదు. నడిరాత్రి కూడా గోవింద నామం ఆగని కొండ జూన్ 8దాకా నిశ్శబ్దంగా ఉంది. స్వామి కైంకర్యాలు మాత్రం ఏకాంతంగా జరిగాయి. మే నెలాఖరులో టీటీడీ లడ్డూను జిల్లాల్లోని కల్యాణ మండపాలకు పంపి, 50 రూపాయల లడ్డూను 25కే అమ్మింది. దర్శనం లేకపోయినా ప్రసాదం దొరికిందని పొద్దున్నే వచ్చి వరుస కట్టినవాళ్లు ఎందరో.

ఇంటి లోపల అసలు బరువు ఎవరి మీద పడిందో దాచాల్సిన పనిలేదు. ఆడవాళ్ల మీద. పనిమనిషి రావడం లేదు, హోటల్ టిఫిన్ లేదు, కర్రీ పాయింట్ లేదు. ఇంటిల్లిపాదీ రోజంతా ఇంట్లోనే. పొద్దున టిఫిను, పదకొండింటికి టీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ఏదో ఒక చిరుతిండి, రాత్రికి మళ్లీ వంట. ఎన్నిసార్లు తోమినా సింకు నిండే ఉండేది. గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల ఉద్యోగాలు బెడ్‌రూముల్లోకి వచ్చాయి. డైనింగ్ టేబుల్ మీద భర్త లాప్‌టాప్, మంచం మీద భార్య లాప్‌టాప్. ఇద్దరి మీటింగులూ ఒకేసారి జరుగుతుంటే మధ్యలో కుక్కరు విజిల్ వేస్తుంది, పక్క ఫ్లాట్‌లో పిల్లాడు ఏడుస్తాడు, నెట్ ఆగిపోతుంది. మైక్ ఆపడం మరిచిపోవడంతో, ఇంట్లో పప్పు మాడిన సంగతి బెంగుళూరులోని మేనేజరుకు కూడా వినిపించింది.

మగవాళ్లు ఇంటి పనిలో చెయ్యి వేయాలని సినిమావాళ్లు ఒకరికొకరు సవాలు విసురుకున్నారు. దర్శకుడు సందీప్ రెడ్డి వంగా మొదలుపెట్టిన ‘బీ ద రియల్ మ్యాన్’ రాజమౌళికీ, జూనియర్ ఎన్టీఆర్‌కీ, రామ్‌చరణ్‌కీ, చిరంజీవికీ చేరింది. చిరంజీవి ఇల్లు శుభ్రం చేసి, తల్లికి దోసె వేసి పెట్టిన వీడియో చూసి చాలామంది మగవాళ్లు ఆ వారం దోసెలు వేశారు. కొందరు అంతటితో ఆపేశారు. కొందరికి మాత్రం ఆ అలవాటు నిలిచింది, నలభై ఏళ్లు దాటిన మగవాళ్లు చారు పెట్టడం నేర్చుకున్నారు. ఆ వేసవి మిగిల్చిన మంచి ఏదన్నా ఉంటే అందులో ఇది ముందు వరుసలో ఉంటుంది.

సాయంత్రాలు ఎలా గడిచాయంటే, మొదటి జవాబు టీవీ. షూటింగులు ఆగిపోవడంతో సీరియళ్లకు కొత్త ఎపిసోడ్లు లేవు. ‘కార్తీకదీపం’ వంటలక్కకు ఏమైందో తెలియక ఎన్ని ఇళ్లలో బెంగపడ్డారో, ఆ సీరియల్ చూసేవాళ్లకే తెలుసు. పాత ఎపిసోడ్లే మళ్లీ వేశారు, వాటినే మళ్లీ చూశారు. దూరదర్శన్ మార్చి 28 నుంచి రామానంద్ సాగర్ రామాయణాన్ని పొద్దున 9కీ, రాత్రి 9కీ మళ్లీ ప్రసారం చేసింది. 1987లో పక్కింటి టీవీ ముందు చాప వేసుకుని కూర్చుని చూసిన పిల్లలే ఇప్పుడు తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని హిందీ మాటలకు తెలుగు చెప్పారు. తెలంగాణలో ఇంకో కార్యక్రమం ఉండేది, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రెస్‌మీట్. రాత్రి భోజనాలు వాయిదా వేసుకుని మరీ చూశారు. గడువు పొడిగిస్తారా, బియ్యం ఎప్పుడిస్తారు, పరీక్షలు ఉంటాయా లేవా, అన్నీ అందులోనే తేలేవి.

పరీక్షల మాటొస్తే, తెలంగాణలో పదో తరగతి పిల్లల గోడు పెద్దవాళ్లెవరికీ పట్టలేదు. మార్చి 19న పరీక్షలు మొదలయ్యాయి. మూడు పేపర్లు రాశాక ఆగిపోయాయి. మిగతావి ఎప్పుడన్నది తెలియక, పుస్తకం మూయలేక, తెరిచినా చదవలేక రెండున్నర నెలలు గడిపారు. జూన్ 8న పరీక్షలు రద్దుచేసి 5 లక్షల 34 వేల మందినీ పాస్ చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ జూన్ 20న అదే నిర్ణయం వచ్చింది. రాసి నెగ్గాలని ఏడాదంతా కష్టపడిన పిల్లలకు ఆ పాస్ ఆనందాన్నివ్వలేదు. వాళ్ల నిరాశను అప్పుడు అదృష్టమన్నారు. అది అన్యాయమైన మాట.

ఇక ఆటలు. అటకల మీది క్యారమ్ బోర్డులు దిగాయి, వామనగుంటల పీటలు దుమ్ము దులుపుకున్నాయి, గచ్చు మీద సుద్దతో అష్టాచెమ్మా గళ్లు గీశారు. ఇంట్లోవాళ్లతో ఆడినంతవరకు బాగానే ఉంది. సూర్యాపేటలో ఇరుగుపొరుగు కలిసి ఆడిన అష్టాచెమ్మా వల్ల, విజయవాడ కృష్ణలంకలో పేకాట వల్ల పదుల మందికి వైరస్ అంటుకుందని అధికారులు చెప్పాక, అరుగుల మీద ఆటలు ఆగిపోయాయి. అరుగు మీద నలుగురు కూర్చోవడమే నేరమైన రోజులవి.

ఆవకాయ కాలం సరిగ్గా ఆ మధ్యలో వచ్చింది. తెలుగింట్లో ఆవకాయ పెట్టడం ఒక్కరి పని కాదు. అత్తాకోడళ్లు, అక్కచెల్లెళ్లు, పక్కింటి పిన్నిగారు అందరూ చేరాలి. కాయ తెచ్చేవాళ్లు ఒకరు, మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చుని టెంకతో సహా ముక్కలు కొట్టించేవాళ్లు ఒకరు, పొర తీసి తుడిచేవాళ్లు నలుగురు, పాళ్లు చెప్పే పెద్దామె ఒకరు. 2020లో పాళ్లు చెప్పే పెద్దామె వీడియో కాల్‌లో ఉంది. కాయలు కొట్టే మనిషి మార్కెట్లో లేడు. ఇంట్లో చిన్న కత్తితో టెంక తెగక చేతులు కోసుకున్నారు, చివరికి టెంక తీసేసి మాగాయతోనో తొక్కుపచ్చడితోనో సరిపెట్టారు. గుంటూరు మిర్చి యార్డు మూతపడింది, నచ్చిన కారం దొరకలేదు. ఏటా అమ్మ చేతి జాడీ ఊరినుంచి బస్సులో వచ్చేది, ఆ ఏడు బస్సే లేదు. ఆవపొడి పాళ్లు తప్పి చేదెక్కిన ఆవకాయనే ఆ సంవత్సరమంతా తిన్న ఇళ్లున్నాయి.

కాయ తెచ్చుకోలేక వీళ్లు బాధపడుతుంటే, అమ్ముకోలేక అవతల రైతు బాధపడ్డాడు. నూజివీడు, జగిత్యాల తోటల్లో బంగినపల్లి పండిపోతోంది, కోసే కూలీలు లేరు, ఉత్తరాదికి లారీలు అంతంతమాత్రం. హైదరాబాదు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో రద్దీ తగ్గించడానికి మామిడి అమ్మకాన్ని ఊరి బయట కోహెడకు మార్చితే, మే మొదటి వారంలో గాలివాన వచ్చి అక్కడి షెడ్లు కూలిపోయాయి. ఉద్యాన శాఖ, తపాలా శాఖ కలిసి 5 కిలోల మామిడిపళ్ల పెట్టెల్ని హైదరాబాదు ఇళ్లకు చేర్చాయి. ఉత్తరాలు మరిచిపోయిన వీధుల్లో పోస్ట్‌మ్యాన్ మామిడిపళ్లతో తలుపు తట్టాడు.

ఆ వేసవి పండగలన్నీ జనం లేకుండానే వచ్చి వెళ్లాయి. ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారాముల కల్యాణం మిథిలా మండపంలో కాకుండా ఆలయం లోపలే, భక్తులు లేకుండా జరిగింది. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు వెలిగించారు. ఏప్రిల్ 25న రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. మక్కా మసీదులో సామూహిక నమాజు లేదు, చార్మినార్ చుట్టూ రాత్రి బజారు లేదు. ఆ ఏడు హలీం వండబోమని హైదరాబాదు హలీం తయారీదారులు ముందే ప్రకటించారు. బట్టీలు వెలగని రంజాన్‌ను ఆ ఊరి పెద్దవాళ్లు కూడా ఎరగరు. వైశాఖ మాసపు పెళ్లిళ్లు సగం వాయిదా పడ్డాయి. మిగతావి మే నెలలో వచ్చిన నిబంధన ప్రకారం 50 మందితో జరిగాయి. ఎవరిని పిలవాలి, ఎవరిని మానాలి అన్న లెక్కలో చెడిన చుట్టరికాలు కొన్ని ఇప్పటికీ అతకలేదు. చావుకైతే 20 మందే. నలుగురు మోసేవాళ్లు దొరికితే చాలనుకున్న ఇళ్లలో ఆ దుఃఖం ఇంకా తీరలేదు.

ఇంతవరకు చెప్పింది తలుపు వేసుకోవడానికి ఇల్లున్నవాళ్ల సంగతి. అది లేనివాళ్ల కథ మొదటి రోజు నుంచే వేరు. ఉగాది నాడు అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, కూకట్‌పల్లి హాస్టళ్లు మూసేస్తున్నారని తెలిసి, అందులో ఉండే వేలమంది పిల్లలు పోలీస్‌స్టేషన్ల ముందు వరుస కట్టారు. పోలీసులు ఊళ్లకు వెళ్లడానికి పాసులిచ్చారు. ఆ కాగితాలు పట్టుకుని బైకుల మీదా అద్దె కార్లలోనూ విజయవాడ దారి పట్టారు. అప్పటి కృష్ణా జిల్లా గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపేశారు. ఒక రాష్ట్రం ఇచ్చిన పాసు ఇంకో రాష్ట్రంలో చెల్లలేదు. ఆడపిల్లలు కూడా ఆ రాత్రి రోడ్డు మీదే గడిపారు. కొందరిని పరీక్షలు చేసి క్వారంటైన్‌కు ఒప్పించి లోపలికి రానిచ్చారు, కొందరు వెనక్కి తిరిగారు. హాస్టళ్లు మూయకూడదని ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. ఆ మాట ఒక్క రోజు ముందు చెప్పి ఉంటే ఆ రాత్రి ఉండేది కాదు.

పల్లెలు వేరే రకంగా తలుపులు వేసుకున్నాయి. ఊరి పొలిమేరలో ముళ్లకంప అడ్డం వేసి, కర్రలు పట్టుకుని కుర్రాళ్లు కాపలా కాశారు. డప్పు చాటింపు మళ్లీ వినిపించింది. పట్నం నుంచి సొంత కొడుకే వచ్చినా పొలంలో పాకలోనో, పశువుల కొట్టంలోనో పద్నాలుగు రోజులు ఉంచి, కట్ట మీద అన్నం గిన్నె పెట్టి దూరం జరిగేవారు. గత్తర (కలరా) వచ్చినప్పుడు ఊరొదిలి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారని తమ పెద్దలు చెప్పిన సంగతి తెలంగాణ ముసలివాళ్లకు అప్పుడు గుర్తొచ్చింది. ఇటు వరి కోతలు ఆగలేదు, ఆగితే గింజ రాలిపోతుంది. మాస్కు లేనివాళ్లు తువ్వాలు, చీర కొంగు చుట్టుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 4న గ్రామ, వార్డు వలంటీర్లు ఇంటింటికీ వెళ్లి 1,000 రూపాయలు చేతికిచ్చారు. వేలిముద్ర వేయాలా వద్దా, యంత్రం ముట్టుకోవచ్చా అన్నది ఆ వారం ప్రతి ఊళ్లోనూ చర్చ.

కార్డు లేనివాళ్లు, ఈ రాష్ట్రాలవాళ్లు కానివాళ్లు నడిచారు. మేడ్చల్ దాటి నాగ్‌పూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద, నెత్తిన మూటలు, చంకన పిల్లలతో వేలమంది నడిచారు. దారి పొడవునా అన్నం పొట్లాలు, మజ్జిగ, చెప్పులు పంచినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో చాలామంది మామూలు ఇళ్లవాళ్లే. ములుగు జిల్లా మిరప తోటల్లో పనికొచ్చిన పన్నెండేళ్ల ఛత్తీస్‌గఢ్ బాలిక మూడు రోజులు అడవి దారిన నడిచి, ఇల్లు ఇంకొంచెం దూరంలో ఉందనగా ఏప్రిల్ 18న ప్రాణం విడిచింది. ఈ దేశంలో వలస కూలీల కోసం వేసిన మొదటి ప్రత్యేక రైలు మే 1 తెల్లవారుజామున హైదరాబాదు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. దాదాపు 1,200 మంది ఎక్కారు. ఆ రైలు మార్చి నెలలోనే బయలుదేరి ఉండాల్సింది. గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవల మీదే చిక్కుకుపోయిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు నెల దాటాక బస్సుల్లో ఊళ్లకు చేరారు.

సముద్రాలకవతల కూడా ఇదే వరస. మనవల్ని చూసుకోవడానికి ఆరు నెలల వీసాతో అమెరికా వెళ్లిన తల్లిదండ్రులు అక్కడే ఉండిపోయారు. వాళ్లు తీసుకెళ్లిన బీపీ, షుగర్ మాత్రలు లెక్క ప్రకారం అయిపోయాయి. ఇక్కడ మూడొందల రూపాయలకు దొరికే మందుకు అక్కడ డాక్టరు చీటీ కావాలి, బీమా కావాలి. గల్ఫ్‌లో పని ఆగిన జగిత్యాల, నిజామాబాద్ కూలీలు క్యాంపు గదుల్లో బంకు మంచాల మీద కూర్చుని, మే 7న మొదలైన వందే భారత్ విమానాల్లో తమ పేరు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశారు.

అదే మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు లీకైంది. నలభై రోజులకు పైగా ఇంట్లోనే ఉండండి, బయటికి రావద్దు అని విన్న జనం, ఇంట్లో ఉంటే చచ్చిపోతామని చీకట్లో బయటికి పరుగెత్తారు. 12 మంది చనిపోయారు. ఏ తలుపు కాపాడుతుందని నమ్మారో ఆ తలుపు వాళ్లను కాపాడలేదు.

లాక్‌డౌన్ వచ్చినట్టు ఒక్క రాత్రిలో పోలేదు, ముక్కలు ముక్కలుగా విడిపోయింది. మే 19న తెలంగాణ జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు కదిలాయి, 21న ఆంధ్రప్రదేశ్‌లో. హైదరాబాదు మెట్రో సెప్టెంబరు 7న, సిటీ బస్సులు అదే నెల 25న. రెండు రాష్ట్రాల మధ్య బస్సులు నవంబరు 2 దాకా నడవలేదు. ఖైరతాబాద్ గణపతి అంతకు ముందేడు 61 అడుగులు ఉంటే ఆ ఏడు 9 అడుగుల మట్టి విగ్రహంగా వెలిశాడు. సినిమా హాళ్లు డిసెంబరులో గానీ తెరుచుకోలేదు. మరుసటి వేసవి రెండో అల వచ్చి ఆక్సిజన్ కోసం, మంచం కోసం జనాన్ని వీధుల్లో పరుగెత్తించాక, మొదటి వేసవి కష్టాలు చెప్పుకోవడానికే సిగ్గనిపించింది. అందరూ మాట్లాడటం మానేశారు. అలా రెండో దుఃఖం కింద మొదటి ఏడాది జ్ఞాపకం కప్పబడిపోయింది.

ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా ఈ దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రోజుల్లో తెలుగు ఇళ్లలో ఎవరు వండారో, ఏ సరుకు దొరకలేదో, ఊరి పొలిమేరలో ఎవరిని ఆపారో, పిల్లల్ని ఎలా మరిపించారో రాసిపెట్టిన కాగితం దొరకడం చాలా అరుదు. అంకెలు మిగిలాయి, ఇళ్లు మిగల్లేదు. నూరేళ్ల తర్వాత ఈ వేసవికీ అదే గతి పట్టకూడదు.

అందుకే పాఠకులకు ఒక మనవి. పోలీసులిచ్చిన పాసు, వలంటీరు రాసుకున్న చీటీ, వాయిదా పడ్డ శుభలేఖ, ఆన్‌లైన్ క్లాసు నోట్సు, ఫోన్‌లో మిగిలిన ఆ నాటి ఫొటోలు ఏవైనా మీ ఇంట్లో ఉంటే పారేయకండి. వెనక తేదీ, ఊరు, ఎవరిదో రాసి ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వంటమనిషినీ వాచ్‌మ్యాన్‌నూ అడిగి, ఆ రెండు నెలలు వాళ్లెలా గడిపారో నాలుగు పేజీలు రాయించండి. ఒక ప్రతి మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఇవ్వండి. గుర్తున్నవాళ్లు ఇప్పుడింకా ఉన్నారు, ఈ ఏడే ఆ పని మొదలుపెట్టండి.